ఏడుపు మలుపు

ఆ మలుపుకి మొదట్లో పేరు లేదు. క్వారీకి ఎక్కే మట్టిరోడ్డు అక్కడ ఒక్కసారిగా గుంతలోకి దిగి, కాలవ దాటి, కొండకి అడ్డం తిరుగుతుంది. అంతే.

పోయిన వానాకాలంలో ఓ జీపు అక్కడ నిలువునా తగలబడింది. డ్రైవరు దూకేసి బతికాడు. బతికాడు గానీ, మళ్లీ స్టీరింగు పట్టుకోలేదు.

"పక్కన కూర్చుని ఏడ్చింది" అన్నాట్ట. "ముందు లైట్లు ఎర్రబడ్డాయి. తర్వాత ఏడుపు. ఆ తర్వాత... జుట్టు కాలిన వాసన."

ఆ తర్వాత ఇంకో ఇద్దరు జీపు డ్రైవర్లు విన్నారు. పారిపోయేకొద్దీ ఏడుపు పెద్దదవుతుందని ముగ్గురిదీ ఒకటే మాట. విచిత్రం ఏమిటంటే, క్వారీ నుంచి నడిచి దిగే కూలీలకి ఏనాడూ ఏమీ వినపడలేదు. "దానికి జీపు షికారంటే ఇష్టం కాబోలు" అని నవ్వేవాళ్లు. నవ్వడం పగలు మాత్రమే.

ఆ సాయంత్రం నుంచీ వాన. చీకటి పడేసరికి వర్క్‌షాపుల వీధిలో షట్టర్లన్నీ దించేశారు. ఒక్క షెడ్డులోనే లైటు వెలుగుతోంది. అది ఫ్యూజు షెడ్డు. ఏ బండి ఆగినా "ముందు ఫ్యూజు చూశారా?" అంటుందని ఆ పిల్లకి వీధంతా కలిసి పెట్టిన పేరు అది. బళ్లకి వైరింగు చేస్తుంది. సొంత షెడ్డు పెట్టి ఏడాది కూడా కాలేదు.

షెడ్డు ముందు హారను బాబాయి జీపు ఆగి ఉంది. జీపుకి మూడు హారన్లున్నాయి, అందుకని ఆ పేరు. ఈ మధ్యే పైకప్పు మీద నాలుగు పెద్ద లైట్లు, లోపల వైర్‌లెస్ సెట్టు తనే బిగించుకున్నాడు. "నీ చేతికిస్తే పని కంటే ముందు లెక్కలు చెప్పి చంపుతావే" అని ఫ్యూజుని ముట్టుకోనివ్వలేదు.

ఆ సెట్టులోంచే వినపడింది, క్వారీ నుంచి ఫ్యూజు బావ గొంతు.

"మీ అక్కకి నొప్పులు మొదలయ్యాయి... నర్సమ్మని తీసుకురండి... కళ్లు తిరిగి పడిపోతోంది..."

ఆ రాత్రి వానలో కొండ ఎక్కడానికి దొరికే బండి బాబాయిది ఒక్కటే. బాబాయి కదల్లేదు.

"తెల్లారాక వెళ్దాం తల్లీ."

"తెల్లారేదాకా అక్క ఆగాలి కదా బాబాయ్."

"ఆ మలుపు..."

"పక్కన నేను కూర్చుంటా. ఏడ్చేది వస్తే దానికి చోటుండదు."

దారిలో నర్సమ్మ వెనక ఎక్కింది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని, "పోనీ బాబూ, నేను రక్తం చూసిన మనిషిని" అంది. గొంతులో మాత్రం అంత ధైర్యం లేదు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి మంచు కమ్మింది. మామూలు లైట్లకి కాలవ కనపడటం లేదు. బాబాయి పై లైట్ల స్విచ్చు నొక్కాడు.

రోడ్డు తెల్లగా వెలిగింది. జీపు ఒక పక్కకి ఒరిగి, వంకర తిరిగి, గుంతలోకి దిగింది —

లైట్లు ఎర్రబడ్డాయి.

అప్పుడు మొదలైంది... సన్నగా, తీగలా, ఎవరో పళ్లు బిగించి ఏడుస్తున్నట్టు. జీపు లోపలే.

"వచ్చింది..." బాబాయి పెదవులు మాత్రమే కదిలాయి. "వెనక్కి చూడకు."

యాక్సిలరేటరు తొక్కాడు. ఏడుపు కేకైంది. ఇంకా తొక్కాడు. చెవులు చిల్లులు పడేలా అరిచింది. కాలవ నీళ్లు అద్దం మీదికి ఎగిశాయి. ఫ్యూజు ముక్కుకి వాసన తగిలింది... కాలుతున్న జుట్టు.

బాబాయి గేరు మార్చాడు.

ఏడుపు ఒక్క క్షణం దిగి, మళ్లీ లేచింది.

ఇంకో గేరు. మళ్లీ దిగింది. మళ్లీ లేచింది.

ఫ్యూజు చెవులు రిక్కించింది. దెయ్యం కూడా గేర్లు మార్చడమేమిటి?

"ఆపు బాబాయ్!"

"ఇక్కడా? పిచ్చా నీకు!"

కాళ్ల దగ్గర రేకు వేడెక్కుతోంది. చెప్పులోంచి తెలుస్తోంది. ఫ్యూజు చెయ్యి చాపి పై లైట్లు ఆర్పేసింది.

ఏడుపు గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ముందేమీ కనపడక బాబాయి బ్రేకు తొక్కాడు.

వాన చప్పుడు. ఇంజను చప్పుడు. అంతే.

ఫ్యూజు స్విచ్చు వేసింది. ఏడుపు. ఆర్పింది. లేదు.

"చూశావా..." నవ్వింది. "దీనికి స్విచ్చుంది."

బానెట్టు ఎత్తి టార్చి వేసింది. కరెంటు తిరిగొచ్చే ఎర్త్ వైర్లు, నాలుగు లైట్లవీ వైర్‌లెస్ సెట్టుదీ, కలిపి ఒకే సన్నటి వైరుకి ముడేసి, దాన్ని ఒకే బోల్టు కింద నొక్కి ఉంచాడు బాబాయి. ఆ బోల్టు కింద... నిగనిగలాడే కొత్త పెయింటు. కాలవ నీళ్లకి తుప్పు పడుతుందని అక్కడి జీపులన్నిటికీ ముందు మందంగా రంగు కొట్టి, ఆ తర్వాతే లైట్లూ సెట్లూ బిగిస్తారు. వైరు తొడుగు కరిగి, అదే జుట్టు కాలిన వాసనతో పొగ వస్తోంది. ఇంకాస్త దూరం పారిపోయి ఉంటే —

తగలబడిన ఆ జీపు గుర్తొచ్చింది.

స్క్రూడ్రైవరుతో రంగు గీకుతుంటే భుజం మీద తడి చెయ్యి పడింది.

ఫ్యూజు స్క్రూడ్రైవరు ఎత్తి గిర్రున తిరిగింది.

"టార్చి పట్టుకుందామని దిగానే..." బాబాయి గొంతు.

"చెప్పి దిగొచ్చు కదా! నేను పోయుంటే ఈ మలుపుకి నిజంగానే ఓ దెయ్యం దొరికేది!"

గీకుతూనే చెప్పింది. "నాలుగు లైట్లు, ఒక్కోటి యాభై ఐదు వాట్లు. పన్నెండు వోల్టులు. పద్దెనిమిది ఆంపియర్లు దాటింది. వెళ్లిన కరెంటంతా బ్యాటరీకి తిరిగి రావాలి. నువ్వేమో దారికి రంగు కొట్టి మూసేశావు. జీపు వంకర తిరిగినప్పుడు బోల్టుకి ఆ కాస్త పట్టూ పోతుంది. కరెంటు చాలక లైట్లు ఎర్రబడతాయి, వైరు కాలుతుంది. ఇంజను చేసే రొద సెట్టులోకి ఎక్కుతుంది. ఇంటికి దారి లేకపోతే ఏడవక ఏం చేస్తుంది?"

"అందుకేనా... తొక్కేకొద్దీ అరిచింది?"

"నడిచేవాళ్లకి వినపడనిది కూడా అందుకే."

మందపాటి వైరున్న జంపర్ కేబులు తీసి ఒక కొస లైట్ల ఎర్త్‌కి, రెండో కొస బ్యాటరీ మైనస్‌కి పట్టించింది. సెట్టు ఎర్త్ విడదీసి, గీకిన చోట గట్టిగా బిగించింది. స్విచ్చు వేసింది. కొండ చరియ పగల్లా తెల్లబడింది. సెట్టులో చప్పుడే లేదు.

బాబాయి బానెట్టు దించాడు. "ఎర్త్..." అన్నాడు, మంత్రం నేర్చుకున్నట్టు.

పైన క్వారీలో అక్క పరిస్థితి బాగాలేదు. నర్సమ్మ చేతికి బీపీ పట్టీ కట్టి చూసి, "బీపీ బాగా ఎక్కింది. ఇక్కడ కాదు, ఆసుపత్రికి పోవాలి" అంది. అక్కని వెనక పడుకోబెట్టారు. బావ ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు.

దిగుతున్నంతసేపూ అక్క మూలుగుతూనే ఉంది. మలుపు దగ్గర పడింది. గుంత. కాలవ. జీపు వంకర తిరిగింది. లైట్లు తెల్లగానే ఉన్నాయి.

అక్క మూలుగు ఆగిపోయింది.

ఫ్యూజు వెనక్కి తిరగలేకపోయింది. డాష్‌బోర్డు గట్టిగా పట్టుకుంది. ఒక్క చప్పుడు వస్తే చాలు... ఏదో ఒకటి...

అప్పుడు లేచింది ఏడుపు. సన్నగా, తీగలా, జీపు లోపలే.

బాబాయి బ్రేకు గట్టిగా తొక్కాడు. "అమ్మడూ! ఎర్త్ ఊడింది!"

"ఎర్త్ కాదు బాబూ" అంది వెనక నుంచి నర్సమ్మ, రొప్పుతూ. "ఆడపిల్ల. తల్లి కళ్లు తెరిచింది. ఆపకు, పోనీ!"

బాబాయి తొక్కాడు. గేరు మార్చాడు, మళ్లీ తొక్కాడు. ఆ ఏడుపు మాత్రం ఇంజను మాట ఒక్కటీ వినలేదు.