ఓవెన్ తలుపు మీద అరచేయి

"గంట మోగలేదు కదండీ, అప్పుడే తీసేశారేం?"

అడిగింది భూపటాలు గీసే అమ్మాయి. అడిగించుకున్నవాడు పక్క కార్యాలయంలో పళ్లసెట్లు తయారుచేసే యువకుడు. ఆ రెండు కార్యాలయాలకూ కలిపి ఒకటే భోజనాల గది, ఒకటే మైక్రోవేవ్ ఓవెన్.

సెలవురోజున అతని అక్క వండి, డబ్బాలకెత్తి, ఫ్రీజర్లో పెట్టి ఇచ్చే కూర ఆ పూట అంచుల్లో కుతకుతలాడుతోంది. నడుమ మాత్రం చెంచా దిగని మంచుముద్ద. అతడు నేరం ఓవెన్ మీదికి నెట్టాడు. దానికి మూడ్ ఉంటుందనీ, రెండుసార్లు తడితే మాట వింటుందనీ ఆ అంతస్తులో అందరి నమ్మకం. నమ్మినవారి కూర కూడా ఏనాడూ సమంగా కాగలేదు. నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

"తడితే పనిచేసేటట్టయితే మా ప్రింటర్ ఈపాటికి పరుగులు తీసేది. పరీక్ష చేసి చూద్దాం," అందామె.

మరునాడు అతడు చాక్లెట్లు తెచ్చాడు. తిరిగే గాజుపళ్లెం తీసేసి, ఇరుసుకు తగలకుండా వేరే పళ్లెం కదలకుండా నిలిపి, దానిమీద పలకలు పరిచారు. కాసేపటికి చూస్తే కొన్నిచోట్ల చాక్లెట్ కరిగి మడుగు కట్టింది. పక్కనే ఉన్న పలక చెక్కుచెదరలేదు.

ఓవెన్లోని తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయనీ, మరోచోట ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయనీ ఆమె వివరించింది. పళ్లెం తిరిగేది అందుకే. కానీ డబ్బాను సరిగ్గా నడుమ పెడితే, దాని మధ్యభాగం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. పైగా మంచు వేడిని అంతగా పట్టదు, నీరు ఇట్టే పట్టేస్తుంది. ముందుగా కరిగిన అంచే వేడినంతా మింగేస్తుంది.

"అంటే నా తప్పేం లేదన్నమాట," అన్నాడతడు.

"తప్పంతా మీదే. దానిదేం లేదు."

కొండలకూ లోయలకూ గీసినట్టే ఆమె వేడికి గీతలు గీసి, ఆ పటాన్ని ఓవెన్ పైన అతికించింది. ఆధారాలను ఇద్దరూ కలిసి తినేశారు. ఆమె పెదవి చివర మిగిలిన చాక్లెట్ మరక గురించి చెప్పాలా వద్దా అని అతడు తేల్చుకునేలోగా భోజన విరామం అయిపోయింది.

ఆ తరువాత వాళ్ల డబ్బాలు రోజూ ఒకే బల్ల మీద తెరుచుకున్నాయి.

ఒకనాడు కిటికీ అద్దాల మీద వాన దరువు వేస్తుండగా అతడు మనసులో మాట చెప్పాడు. చెప్పడం కూడా ఫుల్ పవర్‌లోనే: పెళ్లి, చూసిపెట్టుకున్న రెండుగదుల ఇల్లు, అక్క సమ్మతి, అన్నీ ఒక్క ఊపిరిలో. ఆమె చెంచా పక్కన పెట్టింది.

"నాకు కొంచెం టైం ఇవ్వండి."

పళ్ల ప్లాస్టర్ అచ్చు గట్టిపడేదాకా చేతులు కట్టుకు కూర్చోగల మనిషి, ఈ ఒక్క మాట దగ్గర ఆగలేకపోయాడు. అది మర్యాదగా వద్దనడమేనని తీర్మానించుకున్నాడు. మర్నాటి నుంచి భోజనాల గదికి రావడం మానేసి, మెట్ల మీద కూర్చుని చల్లటి బ్రెడ్ నమలసాగాడు. కూర డబ్బా సంచిలోంచి పైకి రాలేదు.

చివరికి ఆమే మెట్ల దాకా వచ్చింది.

"ఆ డబ్బా ఇలా ఇవ్వండి."

అతడు ఇచ్చి, వెనకాలే నడిచాడు. ఆమె డబ్బాను పళ్లెం అంచున పెట్టి, పవర్ తగ్గించింది. మధ్యలో ఒకసారి ఆపి, కరిగినదాన్ని లోపలికి తోసి, గడ్డను విడదీసి, కలిపి, మళ్లీ పెట్టింది. గంట మోగింది. అతని చెయ్యి అలవాటుగా ముందుకు వెళ్లింది. ఆమె తలుపు మీద అరచేయి ఆనించింది.

"ఆగండి. లోపల ఇంకా పని జరుగుతోంది."

"ఆగిపోయింది కదా."

"మెషీన్ ఆగింది. వేడి ఆగలేదు. అంచునుంచి నడిమికి నడిచి వెళ్లాలి, దానికి టైం పడుతుంది." ఆపైన, "నేను టైం అడిగాను. వద్దన్నానా?" అంది.

ఆమె అరచేయి ఇంకా తలుపు మీదే ఉంది.

"పటంలో గీత గీసేముందు ఆ చోటికి మళ్లీ ఒకసారి వెళ్లి చూడటం నా పద్ధతి. మీరేమో ఆ చోట లేకుండా పోయారు. మెట్ల మీద వెతుక్కోవాల్సొచ్చింది."

"వెతికారుగా. ఇప్పుడేం గీస్తారు మరి?"

"ముందు తినండి."

అప్పుడు చెయ్యి తీసింది. అతడు చెంచాను సరిగ్గా నడిమధ్య గుచ్చాడు. అడుగుదాకా దిగింది. నోట్లో పెట్టుకున్నాక నాలుక కాలినా, ఆ సంగతి పైకి చెప్పలేదు.

"మన సంగతి మా పెద్దమ్మకి చెప్పాను," అందామె తనూ ఒక చెంచా అందుకుంటూ. "నన్ను పెంచింది ఆవిడే. సెలవురోజున మీ ఇంటికి భోజనానికి వస్తుంది. అక్కయ్యగారి వంట కాదు, మీరే వండాలట."

"ఆవిడకేం ఇష్టం?"

"ఏదైనా పర్లేదు. నడుమ కూడా వేడిగా ఉంటే చాలు."