రెండు చిగుళ్ల సాక్ష్యం

"దొంగ అనిపించుకుని ఆ గడప దాటనండీ," అంది డిటెక్టివ్ దగ్గరికి వచ్చినావిడ.

ఆమె ఒక వయొలిన్ మాస్టారి కోడలు. పోయిన అత్తగారి వయొలిన్ ఐదు రోజుల కిందట, మధ్యాహ్నం వేళ, అలమరలోంచి మాయమైంది. తాళం పగల్లేదు. తాళంచెవి వంటింటి మేకుకు ఉంటుంది, రోజూ వాడేది కోడలే. మామగారు అందరి ముందూ ఆమెను దొంగ అన్నారు, భర్త నోరు మెదపలేదు. రేపు పొద్దున్నే పుట్టింటికి పంపేస్తారట.

డిటెక్టివ్‌ని అందరూ ఆరాగారనే పిలుస్తారు. ఆయన గట్టిగా చూస్తే దోమ కూడా ఏ కాలవలో పుట్టిందో చెప్పేస్తుందని సహాయకుడి నమ్మకం. ఈ సహాయకుడు రిటైరైన లెక్కల టీచరు, వట్టి అమాయకుడు.

తాళంచెవి చోటు ఇంకెవరికి తెలుసని ఆరాగారు అడిగారు. రెండు వీధుల అవతల ఉండే ఆడపడుచుకీ, ఆమె భర్తకీ తెలుసని కోడలు చెప్పింది. ఆరాగారూ, సహాయకుడూ బయల్దేరి అక్కడికి వెళ్లారు.

ఆడపడుచు ఆ రోజు ఆఫీసులో ఉంది. ఆమె భర్త, అంటే మాస్టారి అల్లుడు, మాత్రం ఇల్లు కదల్లేదన్నాడు. ఆ మధ్యాహ్నం మూడింటికి కుటుంబం గ్రూపులో పెట్టిన ఫొటో చూపించాడు. అందులో అక్వేరియం పక్కన నిలబడి చేపలకు మేత వేస్తున్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలన్నాడు.

ఆరాగారు ఫొటోని తన ఫోన్‌కి పంపించుకుని, అక్వేరియం ముందు కూర్చున్నారు. గులకరాళ్లలో పచ్చటి కాడమొక్కలున్నాయి. ప్రతి కాడా సగం ఎత్తులో మోడై, మోడు కిందనుంచి రెండేసి చిగుళ్లు వేలెడు పొడుగు సాగాయి. ఈ మొక్క ఎలా పెంచుతారని అడగ్గానే ఆడపడుచు ముఖం వికసించింది.

"వదిన ఇచ్చిందండీ. మహా మొండిది. ఓ మాదిరి లైటుంటే చాలు. నీళ్ల పైకి వచ్చేస్తే పైభాగం కత్తిరించి, కింది ఆకులు గిల్లేసి పక్కన గుచ్చితే అదీ బతుకుతుంది. మోడు రెండు చిగుళ్లు వేస్తుంది."

"వీటిని కత్తిరించి ఎన్నాళ్లయింది?"

"ఇరవై రోజులు. వదినే వచ్చి అన్నీ కత్తిరించింది."

బయటికొచ్చాక లెక్కలాయన ఆగలేకపోయాడు. "ఈ మొక్కకీ వయొలిన్‌కీ ఏం సంబంధమండీ?"

"లెక్కల మనిషి మీరే కదా. ఒకటి రెండెప్పుడైందో లెక్కేయండి," అన్నారు ఆరాగారు.

ఆ సాయంత్రం వయొలిన్ మాస్టారి హాల్లో అందరూ కూర్చున్నారు. ఆరాగారు ఫొటోని పెద్దది చేసి మాస్టారి చేతికిచ్చారు. అందులో కాడలన్నీ ఒంటికాడలే, నీళ్ల పైదాకా నిటారుగా ఉన్నాయి.

"కత్తిరించి ఇరవై రోజులు. వయొలిన్ పోయి ఐదు. ఈ ఫొటో ఐదు రోజుల కిందటిదైతే ప్రతి కాడకీ మోడూ చిగుళ్లూ కనపడాలి. ఒకసారి కత్తిరించిన కాడ మళ్లీ ఒంటికాడ కాదు. ఇది పాత ఫొటో. అల్లుడుగారూ, ఆ రోజు మూడింటికి మీరెక్కడున్నారు?"

అల్లుడు తలొంచుకున్నాడు. ఆఫీసు ఫంక్షన్‌లో వాయించి మెప్పు పొందుదామని, ఇంట్లో అందరూ కునుకు తీస్తుండగా అడక్కుండా తీసుకెళ్లాడట. దారిలో స్కూటర్ మీంచి పడితే వయొలిన్ మెడ విరిగింది. తన ఇంటి అటక మీద పాత దుప్పట్లో చుట్టి పెట్టాడు. చెబితే మామగారు మొహం చూడరని భయపడ్డాడట.

"చెల్లెలి వరసైన ఆవిడని దొంగ అంటుంటే విన్నారు కదా?" అన్నారు ఆరాగారు.

మాస్టారు లేచి వంటింట్లోకి వెళ్లారు. మేకుకున్న తాళంచెవి తెచ్చి కోడలి ముందు పట్టుకున్నారు. ఆమె అందుకోలేదు.

"నన్ను అన్నది అందరి ముందే కదా, మామయ్యగారూ."

మాస్టారు అందరి వైపూ తిరిగారు. "నా కోడలు దొంగ కాదు. నేనన్నది తప్పు," అని ఆగి, కొడుకుని చూసి, "నువ్వూ చెప్పు," అన్నారు. కొడుకు లేచి నిలబడి చెప్పాడు.

అప్పుడు ఆమె తాళంచెవి తీసుకుని కొంగుకు ముడేసుకుంది.