చుక్కలు లేని గీత

సత్తెమ్మ వచ్చేసరికి ప్రైవేట్ డిటెక్టివ్ మాధవీలత బెండకాయలు తరుగుతోంది. శంషాబాద్‌లో ఆమె ఇంటి ముందుగదే ఆఫీసు. నేరాలన్నీ కూర పొయ్యి మీద పెట్టే వేళకే బయటపడతాయని ఆమె అనుభవం.

"అక్కా, మా ఆయన కొలువు పోయేటట్టుంది. సాయంత్రానికి పోలీసులకు అప్పజెప్తరట."

సత్తెమ్మ భర్త జంగయ్య పాల్మాకులలో కోళ్ల టీకాలు దాచే శీతలగదికి కాపలాదారు. నిన్న టీకాలన్నీ వేడెక్కి పాడయ్యాయి. గది తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. తలుపు తెరిచి వదిలేశాడని సూపర్‌వైజర్ రాజశేఖర్ గ్రాఫు గీసి మరీ నిరూపించాడట.

సహాయకురాలు అఖిల లాప్‌టాప్ అందుకుంది. ఆమె దృష్టిలో మాధవీలతకు తెలియనిది లేదు, ఒక్క పైథాన్ ప్రోగ్రామింగ్ తప్ప.

సత్తెమ్మతో కలిసి వాళ్లు వెళ్లేసరికి పాల్మాకుల ఆఫీసు చల్లగా ఉంది. గోడనున్న ఏసీకి ప్లాస్టిక్ కవరు ఇంకా ఒలవలేదు. యజమాని జగదీశ్ కుర్చీ చూపించాడు. రాజశేఖర్ కాగితం పరిచాడు. ఎర్ర గీత మధ్యాహ్నం పన్నెండు దాకా నాలుగు డిగ్రీల దగ్గర అలల్లా కదిలి, మూడింటికల్లా పంతొమ్మిదికి ఎక్కింది, స్కేలు పెట్టి గీసినట్టు.

"చూడున్రి మేడం. పన్నెండుకు ఈయన డ్యూటీ ఎక్కిండు, గీత గూడ ఎక్కింది."

"నేను గేటుకాడనే కూసున్న సారూ, తలుపు ముట్టలే," అన్నాడు జంగయ్య.

"అంటే గీత అబద్ధమాడుతదా?"

"రంగు మంచిగుంది," అంది మాధవీలత. "నిన్న మీరేడున్నరు?"

"పహాడీ షరీఫ్‌ల దావత్‌కు పోయిన. మూడింటికొచ్చి చూస్తే గిట్లైంది."

మాధవీలత అఖిల వైపు తిరిగింది. "అవే కొలతలతోటి నువ్వు మళ్లీ గీయి. గీతొక్కటే కాదు, కొలిచినకాడల్లా చుక్క పెట్టు."

అఖిల రాజశేఖర్ దగ్గర కొలతల ఫైలు తీసుకుని, గ్రాఫు గీసే ప్రోగ్రామ్ వరుసలో చుక్కలు పెట్టే మాట ఒకటి చేర్చింది, అంతే. పన్నెండు దాకా పది నిమిషాలకో చుక్క, చీమల బారులా. ఆ తర్వాత మూడు దాకా ఒక్కటీ లేదు.

మాధవీలత అందర్నీ తెర ముందుకు పిలిచింది.

"రెండు చుక్కల నడుమ ఏం లేకుంటే ప్రోగ్రామ్ తిన్నగా కలిపేస్తది. దానికి మన సంగతులు తెల్వవు. తలుపు తెరిస్తే గది వేడెక్కుతది గాని కొలత ఆగదు. ఈ వేడి కొలిచే యంత్రం దేని మీద నడుస్తది?"

"శీతలగది కరెంటు మీదనే," అన్నాడు జగదీశ్. "మెయిన్ స్విచ్చు ఈ గదిల ఉంటది. ఈ గది తాళం రాజశేఖర్ దగ్గర."

"కొత్త ఏసీకి లైను కలపాలంటే మెయిన్ ఆపాలె. పన్నెండుకు ఆపిన్రు. మళ్లెవరూ వెయ్యలే, మూడింటికి ఒకాయన దావత్ నుంచి వచ్చేదాక. రాజశేఖర్‌గారూ, ఏసీ మెకానిక్ నంబరు మీరిస్తరా, నన్నే వెతుక్కోమంటరా?"

రాజశేఖర్ కాగితం మడతపెట్టాడు. "పావుగంట పనన్నడు సార్. పనైనంక వాడే స్విచ్చు వేస్తడనుకున్న. ఇగ భయపడి..."

అఖిలకు చప్పట్లు కొట్టాలనిపించింది. బాగుండదని లాప్‌టాప్ మూసింది.

జగదీశ్ గొంతు సవరించుకున్నాడు. "సరే జంగయ్యా, పో, డ్యూటీ చూస్కో."

జంగయ్య కదిలాడు. సత్తెమ్మ అతని మోచెయ్యి పట్టి ఆపింది.

"గట్ల కాదు సారూ. పొద్దున గేటుకాడ అందరి ముంగట మా ఆయన్ను పనిదొంగ అన్నరు. కాదని గూడ ఆడనే చెప్పున్రి."

జగదీశ్ ఏసీ వంక చూశాడు, బయటి ఎండ వంక చూశాడు. లేచి చెప్పులు వెతుక్కున్నాడు.