క్షమాపణకు ఒక డైరెక్టర్

కిక్కిరిసిన బస్సులో కండక్టర్ ఒకాయన కాలు తొక్కి, "సారీ అండి" అన్నాడు. పక్కనే నిలబడ్డ డాక్టర్ నీలకంఠం చేతిలోని డబ్బా తెర మీద "జరగండి" అని పడింది. వెనక సీట్లో ఫోన్ మాట్లాడుతున్న కుర్రాడు "సారీ?" అన్నాడు. తెర మీద "మళ్లీ చెప్పు" అని వచ్చింది. ఒక ముసలాయన పెద్ద నోటు చాపితే కండక్టర్ మళ్లీ "సారీ" అన్నాడు. ఈసారి డబ్బా "చిల్లర ఇవ్వను" అని రాసింది.

ముసలాయన కళ్లజోడు సర్దుకుని తెర చదివాడు. "ఇవ్వను అంటున్నాడా, లేదు అంటున్నాడా?"

"ఇవ్వను అనేనండి. సంచిలో ఉంది," అన్నాడు నీలకంఠం.

కండక్టర్ సణుక్కుంటూ చిల్లర తీశాడు. బస్సంతా నవ్వింది. ఆ యంత్రం చూసి జనం మనస్ఫూర్తిగా నవ్వింది ఆ కొద్ది రోజులే.

ఆ డబ్బా సంగతి కాస్త నిదానంగా చెప్పుకుందాం. సారీ అనేది ఇంగ్లీషులో చిన్న మాట. మనవాళ్లు దాన్ని ఎప్పుడో సొంతం చేసుకుని, దానిచేత నానా చాకిరీ చేయిస్తున్నారు. దారి ఇమ్మనడానికి సారీ. చావు ఇంటికి వెళ్లి ఏం మాట్లాడాలో తెలియకపోతే సారీ. సంబంధం నచ్చలేదని కబురు చెయ్యడానికి సారీ. చివరికి కొట్లాటకి ముందు చొక్కా చేతులు మడుచుకుంటూ కూడా "సారీ బ్రదర్" అంటారు. మాట ఒక్కటే గానీ ఒంట్లో జరిగేది ఒక్కటి కాదు. దారి అడిగేవాడు ఊపిరి వదులుతూ ఆ మాట అంటాడు. తప్పు చేశానని లోపల కుమిలేవాడికి ఆ మాట ముందు ఊపిరి క్షణకాలం ఆగుతుంది, గొంతు బిగుస్తుంది, చెంపలు వేడెక్కుతాయి. డబ్బాలోని మైక్రోఫోన్ ఊపిరిని వింటుంది. చిన్న థర్మల్ కెమెరా చెంపల వేడిని చూస్తుంది. లోపలి చిప్ రెండింటినీ పోల్చి అర్థం రాస్తుంది. నిజమైన పశ్చాత్తాపమైతే మాత్రం ఏమీ రాయదు. ఒక ఆకుపచ్చ దీపం వెలుగుతుంది, అంతే. డాక్టర్ దానికి సెన్స్ మీటర్ అని పేరు పెట్టాడు. జనం సారీ డబ్బా అన్నారు.

ప్రభుత్వానికి డబ్బా తెగ నచ్చింది. కాలుష్యం కేసులు కోర్టుల్లో మూలుగుతున్నాయి కదా, ఒక కొత్త చట్టం చేసింది. తప్పు చేసిన ఫ్యాక్టరీ తరఫున బాధ్యత గల మనిషి ఒకరు ట్రిబ్యునల్‌లో, డబ్బా ముందు, బాధితుల ఎదుట సారీ చెప్పాలి. దీపం వెలిగితే ఫ్యాక్టరీకి ఇంకో అవకాశం. మూడుసార్లు చెప్పినా వెలగకపోతే తలుపులకు సీలు. మనసు మారినవాడికి శిక్ష ఎందుకు అన్నది చట్టం ఉద్దేశం. వినడానికి ఎంత బాగుందో!

కొల్లేటి వైపు, చేపల చెరువుల మధ్య పందిరిలంక అనే ఊరు. ఊరి పక్కన చేపల మేత ఫ్యాక్టరీ. పట్నాల్లోని చికెన్ కొట్ల నుంచి కోళ్ల పేగులు, తలకాయలు, ఈకలు లారీల్లో తెచ్చి, అక్కడ ఉడకబెట్టి, ఎండబెట్టి, పొడి కొడతారు. ఉడికిన నీళ్లు పైపు గుండా ఊరి కాలవలోకి వదులుతారు. కాలవ మీద బూడిదరంగు కొవ్వు తెట్టు కడుతుంది. తెట్టులో ఈకలు ఇరుక్కుని ఉంటాయి, ఈకల కింద తెల్ల పురుగులు లుకలుకలాడుతుంటాయి. గాలి అటునుంచి వీస్తే అన్నం ముద్ద నోటిదాకా పోదు. ఆరేసిన బట్టలకీ, తలగడలకీ, పసిపిల్లల మాడుకీ అదే కంపు.

ఊరి తరఫున కేసు వేసింది ఏసుపాదం అనే కౌలు రైతు. ఫ్యాక్టరీ తరఫున వచ్చింది మేనేజర్ రంగపతిరాజు. మొదటి హియరింగ్‌లో రాజు గారు సెంటు కర్చీఫ్ ముక్కుకి అద్దుకుని, "వెరీ సారీ అండి" అన్నారు.

"జరగండి," అంది డబ్బా.

"ఎక్కడికి జరగమంటారండి? మా వెనకాల చెరువే ఉంది!" అన్నాడు ఏసుపాదం.

రెండోసారి రాజు గారు తెలివిగా, నాటకాల్లో ఏడుపు వేషాలు కట్టే ఒకాయనని డైరెక్టర్‌గా వేసి పంపారు. ఆయన నేల మీద పడి దొర్లాడు. కన్నీళ్లకి చొక్కా తడిసింది. డబ్బా మీద "చప్పట్లు కొట్టండి" అని వచ్చింది.

ఇక ఒక్కసారే మిగిలింది. పందిరిలంకలో ముందుగానే సంబరం మొదలైంది. తన యంత్రం ఒక ఊరిని కాపాడబోతోందని నీలకంఠానికి కూడా పొంగుగా ఉంది. ఊరు చూడ్డానికి వచ్చి, బస్సు ఆగేచోట సుగుణమ్మ ఇడ్లీ బండి దగ్గర కూర్చున్నాడు. అటుగా కారులో వచ్చిన రాజు గారు ఆయన్ని చూసి దిగి, పలకరింపుగా పక్కనే నిలబడ్డారు.

డాక్టర్ ఇడ్లీ తుంచేసరికి గాలి తిరిగింది. కాలవ మీది ఈగలు గుంపుగా వచ్చి చట్నీలో పడ్డాయి. ఆయన మొహం చూసి సుగుణమ్మ గరిట ఒదిలేసింది.

"సారీ బాబూ," అంది.

బల్ల మీది డబ్బాలో ఆకుపచ్చ దీపం భగ్గున వెలిగింది.

"నీ తప్పేముందమ్మా ఇందులో? కంపు ఫ్యాక్టరీది కదా!"

"అదేంటండీ, నా ఎదర కూర్చుని తింటున్నారు కదా! తినే మనిషి మొహం అలా పెట్టుకుంటే నాకు ప్రాణం చచ్చిపోద్ది. ఒక్క నెల ఓపిక పట్టండి. ఫ్యాక్టరీ మూసేస్తే మళ్లీ జనం వస్తారు. మూయకపోతే ఇంక బండి ఎత్తెయ్యడమే."

నీలకంఠం డబ్బాని రాజు గారి ముక్కు ముందు పెట్టాడు. "చూశారా? సారీ అంటే ఇది! చూసి నేర్చుకోండి."

"ఆయ్, నేర్చుకున్నానండి," అన్నారు రాజు గారు ఎంతో వినయంగా.

మర్నాడు ఆయన సుగుణమ్మ ఇంటికి వెళ్లారు. "నిన్ను ఫ్యాక్టరీ డైరెక్టర్‌ని చేద్దామనుకుంటున్నామమ్మా. ఊరి మనిషి లోపల ఉంటే మాకూ బుద్ధొస్తుంది. ఏం పారబోస్తున్నామో నువ్వే చూడు. ఏం ఆపాలో నువ్వే చెప్పు."

"పైపు ఆపుతారా?"

"డైరెక్టర్ మాట కాదనేదెవరు? ముందు హియరింగ్ కానీ."

ఈ సంగతి విని ఏసుపాదం మండిపడ్డాడు. "రాజు గారు ఊరికే కుర్చీ వేస్తాడా? నీకేమైనా మతి పోయిందా?"

"బయటుండి అరిస్తే ఎవడు విన్నాడు బాబాయ్? లోపలుంటే పైపు కట్టించొచ్చు."

ఆమెను ఫ్యాక్టరీ అంతా తిప్పి చూపించారు. తొట్లలో పేగులు కుతకుతా ఉడుకుతున్నాయి. పైకి తేలిన నురుగును పారలతో గోడవార ఎత్తిపోస్తున్నారు. నేల మీద అడుగు వేస్తే చెప్పు జిగురుకి అతుక్కుని ఊడి వచ్చింది. సుగుణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆ నీళ్ల దారి వెంట కాలవ దాకా నడిచింది. కింద, రేవులో, ఏసుపాదం భార్య ఎస్తేరు బిందె ముంచుతోంది.

మూడో హియరింగ్. "హాల్లో ఏం చెప్పాలండీ?" అని సుగుణమ్మ అడిగితే రాజు గారు, "నేనేమీ నేర్పను తల్లీ. నీ మనసులో ఉన్నది చెప్పు," అన్నారు. ఆయన చెప్పిన వాటిల్లో నిజం అదొక్కటే.

ట్రిబ్యునల్ అధికారిణి అడిగింది. "ఫ్యాక్టరీ డైరెక్టర్‌గా మీరేం చెప్పదలుచుకున్నారు?"

పైపు గురించి గట్టిగా అడగాలనే సుగుణమ్మ లేచింది. ఎదురుగా ఎస్తేరు కూర్చుని ఉంది. మోచేతుల దాకా పుళ్లు, వాటి మీద రాసిన పసుపు, పసుపు మీద వాలే ఈగలు.

"నేను లోపలికెళ్లి చూశాను పిన్నీ. ఆ నీళ్లే నువ్వు బిందెతో ముంచుకెళ్తున్నావు. నేనిప్పుడు ఆ ఫ్యాక్టరీ మనిషినంట..." ఆమె గొంతు పట్టేసింది. "సారీ పిన్నీ."

దీపం వెలిగింది. హాలు గోడలు కూడా ఆకుపచ్చగా కనిపించాయి.

నీలకంఠం లేచి కేక వేశాడు. "ఇది చెల్లదు మేడమ్! ఆవిడ ఏ పాపం ఎరగదు!"

"మీ యంత్రం తప్పు చూపించిందంటారా డాక్టర్ గారూ?"

"లేదు. సరిగ్గానే చూపించింది."

"బాధ్యత గల మనిషి మనస్ఫూర్తిగా చెప్పాలన్నదే చట్టం. ఇంతకన్నా మనస్ఫూర్తిగా నేనెక్కడా వినలేదు," అని అధికారిణి కళ్లు తుడుచుకుని, ఫ్యాక్టరీకి అవకాశం ఇస్తున్నట్టు తీర్పు చెప్పింది.

వ్యానులో ఊరికి తిరిగి వచ్చేటప్పుడు సుగుణమ్మ పక్కన ఎవరూ కూర్చోలేదు. ఎస్తేరు మొహం కిటికీ వైపు తిప్పుకుంది. సుగుణమ్మ దిగీ దిగగానే తిన్నగా ఫ్యాక్టరీ గేటుకి నడిచింది. పైపు కట్టించాలి కదా!

"డైరెక్టర్ పని హియరింగ్ దాకానేనంటమ్మా," అన్నాడు వాచ్‌మన్, ఆమె మొహం వంక చూడకుండా.

ఆమె అతని భుజం మీదుగా లోపలికి చూసింది. అవకాశం దొరికిన ఆనందంలో పక్కనే రెండో పైపు వేస్తున్నారు.

వారం తిరక్కుండానే పేపర్లలో ప్రకటనలు మొదలయ్యాయి. ఫలానా రసాయనాల ఫ్యాక్టరీకి డైరెక్టర్లు కావలెను. చదువుతో పని లేదు. మెత్తని మనసు, ఇతరుల బాధ చూసి తట్టుకోలేని స్వభావం ఉండవలెను. చీమకి కూడా హాని చేయనివాళ్ల కోసం ఏజెంట్లు ఊరూరా తిరిగారు. నర్సులనీ, అనాథాశ్రమాల ఆయాలనీ వెతికి వెతికి పట్టుకుపోయారు. రాష్ట్రంలో మూతపడాల్సిన ప్రతి మురికికుండకీ ఒక మంచి మనిషి మూతగా దొరికాడు.

నీలకంఠం ఉండబట్టలేక పందిరిలంక వచ్చాడు. సుగుణమ్మ కాలవ గట్టున ఇడ్లీ పాత్రలు సర్దుతోంది, బండితో సహా అమ్మెయ్యడానికి. కాలవ మీద తెట్టు ఎంత మందమైందంటే, చచ్చిన కుక్కపిల్ల ఒకటి మునక్కుండా దాని మీదే పడి ఉంది.

"సుగుణమ్మా, ఆ రోజు ఆ రాజుకి నేను దీపం చూపించకుండా ఉండాల్సింది. పెద్ద మేధావిలాగా నేర్చుకోమన్నాను..."

"ఆ మాట అనకండి బాబూ," అందామె గాభరాగా, రోడ్డు వైపు చూస్తూ. "ఏం అనకండి. వెళ్లిపోండి."

ఆయన ఆగలేకపోయాడు. ఊపిరి బిగపట్టి, "సారీ అమ్మా," అన్నాడు. భుజాన ఉన్న సంచి గుడ్డలోంచి ఆకుపచ్చ వెలుగు బయటికి వచ్చింది.

గట్టు మీద ఒక కారు ఆగింది. కిటికీ అద్దం సగం దిగింది. లోపల రాజు గారు కర్చీఫ్ ముక్కుకి అడ్డం పెట్టుకుని, కళ్లతోనే ఎంతో ఆప్యాయంగా నవ్వారు.

"ఎంత మంచి మనసండి డాక్టర్ గారూ మీది! మా బావగారికి తోళ్ల ఫ్యాక్టరీ ఉందండి. శుక్రవారం ఆయనకి ఆఖరి హియరింగ్. ఒక్కసారి కారెక్కండి, మాట్లాడుకుందాం."

గాలి కాలవ మీంచి ఇటు తిరిగింది. రాజు గారు గబగబా అద్దం పైకెత్తి, లోపలినుంచే చేత్తో రమ్మని పిలుస్తున్నారు.