నాలుగోసారి ఊడిన పైపు

“అమ్మాయ్...!”

ఒక్క పిలుపు. వెంటనే దబ్బుమన్న చప్పుడు. ఆపైన నీళ్ళు గోడకు కొట్టుకుంటున్న హోరు!

కుట్టుమిషను ముందు కూర్చున్న కోడలి కాళ్ళు పెడలు మీదే బిగుసుకుపోయాయి. మరుగుదొడ్డి తలుపు కిందనుంచి నీళ్ళు పాకివచ్చి పాదాలను తాకేదాకా ఆమె కదలలేదు. కదిలాక మాత్రం పరుగే! “అత్తయ్యా! తలుపు తియ్యండి అత్తయ్యా!” జవాబు లేదు. భుజంతో మూడుసార్లు గుద్దితే తుప్పుపట్టిన గడియ ఊడి తలుపు తెరుచుకుంది. లోపల డెబ్బై ఏళ్ళ అత్తగారు తడిసి ముద్దై, గోడవారగా ఒరిగి పడి ఉంది. కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. ఎడమచేతిలో మాత్రం, గోడలోంచి ఊడొచ్చిన కుళాయి పైపు ఇంకా గట్టిగా పట్టుకునే ఉంది!

“మళ్ళీ ఊడిపోయిందమ్మాయ్...” అంది, దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా.

చెయ్యి విరిగిన మాట చెప్పలేదావిడ. పైపు ఊడిన మాట చెప్పింది!

ఏడు నెలల్లో ఆ పైపు ఊడటం ఇది నాలుగోసారి. మొదటిసారి ఊడినప్పుడు కోడలు, “కుళాయి తిప్పడం కూడా రాదా ఈవిడకి!” అని వంటింట్లోంచి వినపడేలా అంది. రెండోసారి, “ఇంట్లో ఉన్నవన్నీ విరిచేదాకా ఊరుకునేలా లేరు” అంది. మూడోసారి ఏమీ అనలేదు. గిన్నెలు మాత్రం కాస్త గట్టిగా పెట్టింది. మూడుసార్లూ అత్తగారు తలవంచుకుని, “నా చెయ్యి మొద్దుబారిపోయిందమ్మాయ్...” అని ఊరుకుంది.

ఆస్పత్రిలో పిండికట్టు వేసిన డాక్టరమ్మ మణికట్టు సంగతి రెండు ముక్కల్లో తేల్చేసింది. తర్వాత అత్తగారి నాలుక చూసి, చేతి చర్మం చిటికెతో పట్టి లాగి చూసి మొహం చిట్లించింది.

“ఈవిడ నీళ్ళు తాగట్లేదు. ఒకరోజూ రెండురోజులూ కాదు, నెలల తరబడి. ఇంట్లో ఈవిణ్ణి చూసుకునేది ఎవరు?”

“నేనేనండీ” అంది కోడలు.

మధ్యాహ్నం తర్వాత అత్తగారి మంచం పక్కన పెట్టే నీళ్ళ గ్లాసు రాత్రికి పెట్టినది పెట్టినట్టే ఉండేది. రోజూ ఆ నిండు గ్లాసు తీసి పారబోసిన చెయ్యి కోడలిదే. తాగలేదేమని ఒక్కసారైనా అడిగిందా? అడగలేదు!

అత్తగారిని ఇంటికి తెచ్చి పడుకోబెట్టాక, సాయంత్రం ప్లంబరు వచ్చాడు. ఎప్పుడు పిలిచినా “రేపొస్తా” అంటాడని ఆ వీధంతా అతన్ని ‘రేపు’ అనే పిలుస్తుంది. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో! ముసలావిడ పడిందని వినగానే మాత్రం ఆ రోజే వచ్చాడు.

“ఏం బాబాయ్, ఈసారైనా గట్టిగా బిగిస్తావా, లేక నీ సిమెంటు మళ్ళీ బిస్కెట్టులా విరిగిపోతుందా?” అన్నాడు కొడుకు. అతను గడియారాలు బాగుచేసే మనిషి. బాగుచెయ్యలేక పారేయాల్సిన వస్తువు ఈ లోకంలో లేదని అతని నమ్మకం. మరుగుదొడ్డికి కూడా అదే లెక్క.

రేపు నవ్వలేదు. తడినేల మీద గొంతుక్కూర్చుని, పైపును వెలుతురులోకి పట్టి అటూ ఇటూ తిప్పాడు.

“నా సిమెంటును తిట్టకండి బాబూ. నీళ్ళ జోరుకి ఊడే పైపు మర బిగించేచోట చిట్లుతుంది. ఇది చూడండి, కిందికి వంగింది. ఇనపది! దీన్ని పట్టుకుని ఓ మనిషి రోజుకు నాలుగైదుసార్లు వేలాడితేగాని ఇలా వంగదు.” అతను మంచమున్న గదివైపు చూసి గొంతు తగ్గించాడు. “పెద్దావిడ కింద కూర్చున్నాక మోకాళ్ళు లేవనివ్వట్లేదమ్మా. దీన్ని పట్టుకుని లేస్తున్నారు. మీరు పైపు ఊడిందంటున్నారు గానీ... ఇన్నాళ్ళూ ఆవిణ్ణి నిలబెట్టింది ఈ పైపే!”

కొడుకు భార్యవైపు తిరిగాడు.

“నీకు తెలుసా?”

“నాకేం తెలుసండీ...” అంది ఆమె.

అబద్ధం! పచ్చి అబద్ధం!

తెలుసు. కుళాయికి పైన, నడుం ఎత్తున, సున్నం గోడమీద ఐదువేళ్ళ ముద్రలు పడేవి. మోకాళ్ళకు రాసుకునే నూనె మరకలతో, కిందికి జారిన ముద్రలు. రోజూ రాత్రి సబ్బుగుడ్డతో వాటిని తుడిచేది తనే. మిషను పెట్టుకున్నది ఆ గోడకు ఇవతలే. లోపల ఆవిడ లేవబోయి “అమ్మా... అమ్మా...” అని పళ్ళ బిగువున మూలుగుతుంటే వినపడేది. వినపడగానే కాలు దానంతటదే పెడలు మీద జోరు పెంచేది. ఆ టకటకలో మూలుగు కలిసిపోయేది. ఎన్ని జాకెట్ల కుట్లు అలా వంకరపోయాయో, ఎన్ని మళ్ళీ విప్పి కుట్టిందో ఆమెకే తెలుసు!

‘అడగనీ! నోరు తెరిచి ఒక్కసారి అడగనీ!’ అనుకునేది.

ఎందుకంటే ఒకప్పుడు, ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న కూతురు కడుపులో ఉన్నప్పుడు, తను అడిగింది. కాలు బరువెక్కి, నీరుపట్టి, ఎనిమిదో నెల పడుతుంటే, గొంతుక్కూర్చోవద్దని డాక్టరు చెబితే, “అత్తయ్యా, ఓ కమోడ్ పెట్టిద్దామా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకుని అడిగింది. “మేం కనలేదా? మాకు కుర్చీలు వేసి కూర్చోబెట్టారా? ఉన్నది బాగానే ఉంది, అంతగా అయితే బాగుచేయించుకుందాం” అంది ఆనాడు ఈ అత్తగారే. ఆ రెండు నెలలూ ఆమె నాలుగిళ్ళ అవతల ఉన్న టీచరుగారింటికి నడిచింది. ఎండలో, వానలో, కడుపు పట్టుకుని. తలుపు తట్టి, “అక్కా... ఒక్కసారి...” అని తలవంచుకుని నిలబడింది. ఆ తలుపు ముందు పోయిన పరువు ఆమె మర్చిపోలేదు. మర్చిపోవాలని అనుకోనూలేదు.

అందుకే పైపు ఊడిన మూడుసార్లూ భర్త అడిగినప్పుడు, “బాగుచేయించండి, చాలు” అంది. ఆనాడు అత్తగారన్న మాటే!

“చెప్పండమ్మా” అన్నాడు రేపు. “పైపు బిగించి పొమ్మంటారా? మొత్తం తవ్వి కమోడ్ పెట్టి, పక్కన పట్టుకోవడానికి స్టీలు రాడ్డు బిగించమంటారా? బాగుచెయ్యడమంటే గంట పని. మార్చడమంటే మూడు రోజులు.”

“పైపు బిగించి పొమ్మను నాయనా!”

గదిలోంచి అత్తగారి గొంతు! అందరూ ఉలిక్కిపడ్డారు. కోడలు గదిలోకి వెళ్ళింది. పిండికట్టు చేతిని గుండెల మీద పెట్టుకుని, కప్పువైపు చూస్తూ పడుకుని ఉందావిడ.

“నాకేం కమోడ్ వద్దమ్మాయ్. నీకు వద్దన్న నోటితో నాకు కావాలని ఎట్లా అడగను? కడుపుతో ఉన్న పిల్లని వీధులెంట తిప్పినదాన్ని. నా మోకాళ్ళు నన్ను తిప్పలు పెడుతున్నాయంటే... పెట్టనీ. నాకీ శాస్తి జరగాల్సిందే.”

కోడలు మంచం కోడు పట్టుకుని కూలబడింది. దాచుకున్నదంతా ఒక్కసారిగా పొంగుకొచ్చింది.

“నాకు తెలుసు అత్తయ్యా! మీరు గోడ పట్టుకుని లేస్తున్నారని నాకు తెలుసు! మీ చేతి ముద్రలు తుడిచింది నేనే... మీరు మూలుగుతుంటే వినపడకుండా మిషను జోరుగా తొక్కింది నేనే! మీరు అడిగేదాకా నేను చెయ్యకూడదని... పంతం పట్టాను అత్తయ్యా! మీ చెయ్యి విరగ్గొట్టింది పైపు కాదు, నేను!”

ముసలావిడ కప్పు మీదనుంచి చూపు దించి కోడలివైపు తిరిగింది.

“నీకు తెలుసని నాకు తెలుసు” అంది. “నేను ముద్ర వేసేదాన్ని. పొద్దున్నకల్లా గోడ తెల్లగా ఉండేది. గోడ తానంతట తాను తెల్లబడదు కదా! తుడిచినచోటే మళ్ళీ చెయ్యి వేసేదాన్ని... ఇవాళైనా అడుగుతుందేమో అని.”

వాకిట్లో నిలబడి ఈ మాటలన్నీ విన్న కొడుకు తల పట్టుకుని మెట్టుమీద కూర్చుండిపోయాడు. ఊరందరి గడియారాల్లో ఆవగింజంత చక్రం వంగినా కనిపెట్టే మనిషి! అతను ఆ మరుగుదొడ్డికి రోజూ వెళ్ళాడు. ఆ వంగిన పైపుకున్న కుళాయే రోజూ తిప్పాడు. ఏడు నెలలు! ఇద్దరు ఆడవాళ్ళు ఒకరికొకరు గోడమీద రాసుకుంటుంటే, ఒక్క అక్షరం చదవలేకపోయాడు.

కోడలు కళ్ళు తుడుచుకుని బయటికి వచ్చింది.

“తవ్వండి బాబాయ్” అంది. “రేపనకండి.”

“ఇవాళే మొదలెడతానమ్మా” అన్నాడు రేపు. అలా అనడం అతని జన్మలో అదే మొదలు.

గునపం పడింది. పాత బేసిన్ ముక్కలుగా బయటికొచ్చింది. మూడు రోజులు ఇంట్లో మరుగుదొడ్డి లేదు. అందరూ నాలుగిళ్ళ అవతల టీచరుగారింటికే వెళ్ళాలి.

మొదటి రోజు పొద్దున్నే కోడలు అత్తగారి ఎడమచెయ్యి తన భుజమ్మీద వేసుకుని బయల్దేరింది. ఒక ఇల్లు దాటారు. రెండో ఇంటి దగ్గర అత్తగారు ఆయాసపడుతూ ఆగింది. మూడో ఇంటి అరుగుకు ఒరిగి మళ్ళీ ఆగింది. ముందుకు చూసింది. వెనక్కి తిరిగి తమ వాకిలి చూసింది.

“ఇంత దూరమా?” అంది.

కోడలు ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసింది.

“ఆ కడుపుతో... ఇంత దూరం నడిచావా అమ్మాయ్?”

“నడిచానత్తయ్యా.”

“రోజుకి ఎన్నిసార్లు?”

“ఐదారుసార్లు.”

ముసలావిడ కుడిచెయ్యి ఎత్తి కోడలి చెంప తడమబోయింది. ఆ చేతికి పిండికట్టు ఉందన్న సంగతి మర్చిపోయింది! గరుకు కట్టు చెంపకు తగిలి గీసుకుంది. ఇద్దరూ ఏడ్చారు. వీధిలో, పాలు పోయించుకునేవాళ్ళ ముందు, సిగ్గు లేకుండా ఏడ్చారు. తలుపు తెరిచిన టీచరుగారు అత్తనీ కోడల్నీ మార్చి మార్చి చూసి, “ఈసారి ఇద్దరూ కలిసొచ్చారా!” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో, జాలి ఉందో... ఏదున్నా పడాల్సినవాళ్ళే. పడ్డారు.

నాలుగోనాడు కమోడ్ సిద్ధమైంది. గోడకు స్టీలు రాడ్డు బిగించి, రేపు తన ఒళ్ళంతా బరువేసి దాన్ని పట్టుకుని వేలాడి చూపించాడు. “నేను ఊడొచ్చినా ఇది ఊడదమ్మా!” అన్నాడు. కొడుకు గోడకు రంగు వేస్తానని డబ్బా తెచ్చాడు. కోడలు ఆ నడుం ఎత్తు జాగా దగ్గర ఒక్క క్షణం ఆగింది. అక్కడ ఏ ముద్రా లేదు. అన్నీ ఎప్పుడో తుడిచేసింది తనే. దాచుకుందామన్నా ఒక్కటీ మిగల్లేదు!

ఒకరినొకరు క్షమించామని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. అంటే తీరిపోయేవి కావవి. విరిగిన మణికట్టు అతుక్కుంది, కానీ కాస్త వంకరగానే. ఆవిడ ఆ చేత్తో ముద్ద కలుపుతున్నప్పుడల్లా కోడలి చూపు కంచంలోకి దిగిపోతుంది. కోడలు వీధిలో ఆ నాలుగిళ్ళూ దాటి వెళ్తున్నప్పుడల్లా అత్తగారు వాకిట్లోంచి లేచి లోపలికి పోతుంది.

కమోడ్ పెట్టిన ఆ సాయంత్రం కోడలు ఎప్పటిలాగే మంచం పక్కన నిండు గ్లాసు పెట్టింది. ఈసారి పెట్టి వెళ్ళిపోలేదు. నిలబడింది.

అత్తగారు ఎడమచేత్తో గ్లాసు ఎత్తింది. ఒక గుక్క. ఆగింది. అలవాటుకొద్దీ మరుగుదొడ్డివైపు భయంగా చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, గటగటా, చుక్క మిగల్చకుండా తాగేసి ఖాళీ గ్లాసు ముందుకు చాచింది.

“ఇంకా కావాలమ్మాయ్.”

అడిగింది! చివరికి నోరు తెరిచి అడిగింది!

కోడలు ఆ గ్లాసు అందుకుని, రెండు చేతులతో గుండెకు అదుముకుని, నీళ్ళకోసం వంటింట్లోకి పరుగెత్తింది.