చెప్పులేసుకుని వెళ్ళండి

భర్త మాటకి గోడమీద నవ్వుదీపం పచ్చగా వెలిగింది. అది చూశాక హైమావతి నవ్వింది.

"ఏమే, నే పోతున్నా. తలుపేసుకో," అన్నాడు గవర్రాజు, కుర్చీలోంచి లేచి వరండాలోకి నడుస్తూ.

"చెప్పులేసుకుని వెళ్ళండి," అంది గోడలో ఉండి మాటలు వినే యంత్రం, ఆలకిని, చల్లటి ఆడగొంతుతో.

"చూశావా, నీకన్నా అదే నయం. ఈమధ్య నువ్వు ఆ మాత్రం కూడా అనట్లేదు."

"నా తరఫున అదంటోందిగా," అంది హైమావతి, రాతబల్ల దగ్గర నుంచి తల తిప్పకుండా.

చెప్పుల గురించి ఆలకిని అన్న ఆ జవాబు నిజంగానే ఆమె రాసిందే. ఆలకినులు ఇళ్ళ గోడల్లోకి వచ్చిన కొత్తలో మనుషుల మాటల్ని ఉన్నవి ఉన్నట్టు నమ్మేవి. ఉక్క భరించలేక ఎవరైనా "చచ్చిపోతున్నా" అంటే అంబులెన్సు వచ్చి వాకిట్లో ఆగేది. "అల్లరి చేస్తే చంపేస్తా" అన్న తల్లి ఇంటికి పోలీసులు వచ్చేవారు. చివరికి వాటిని తయారుచేసే సంస్థ హాస్య రచయితల్ని పిలిచింది. నవ్వులో ఎన్ని రకాలున్నాయో యంత్రానికి నేర్పడం వాళ్ళ పని. ప్రహసనం, పేరడీ, వ్యంగ్యం, అధిక్షేపం, చీకటి హాస్యం, ఇలా ఒక్కో రకానికి వందల కథలు రాశారు. అవన్నీ చదివాక ఆలకినికి ఆట మాటేదో ఆపద మాటేదో తెలిసింది. ఆటైతే పచ్చదీపం. ఆపదైతే ఎర్రదీపం, వెంటనే వైద్యులకు కబురు.

వెటకారం మొదట వాళ్ళ పట్టికలో లేదు. దాన్ని వ్యంగ్యంలో కలిపేశారు. ఆ రచయితల్లో ఒకతైన హైమావతి ఒప్పుకోలేదు.

"వ్యంగ్యానికి ఎదుటి మనిషి మారాలని ఉంటుందండి," అని సమావేశంలో వాదించింది. "వెటకారానికి ఏ ఆశా ఉండదు. మా గోదావరి వాళ్ళం బాధని కసరం, దానికి మర్యాద చేస్తాం. కుర్చీ వేసి కూర్చోబెట్టి దాని మీదే జోకులేస్తాం."

వాళ్ళు నవ్వి, సరేనన్నారు. ఆ విభాగం మొత్తం ఆమె ఒక్కతే రాసింది. కథల్లో పేర్లు మారాయి గాని నోరు మాత్రం గవర్రాజుది. పోతున్నానంటే ఏమనాలో, పోయాడంటే ఏమనాలో, రెంటికీ జవాబులు రాసింది. ఆ జవాబు ముందు ఎంతసేపు ఆగాలో కూడా నేర్పింది. ఆ ఆగడంలోనే నవ్వుందని ఆమె నమ్మకం.

ఒకప్పుడు ఆయన మాట ఎక్కడ వంగుతుందో ఆమె చెవికి తెలిసేది. వంటింట్లో ఉన్నా తెలిసేది. దీపం వచ్చాక చెవి మెల్లగా ఆ పని మానేసింది. ముందు గోడ చూడడం, తర్వాత నవ్వడం. చూపు ఆయన మొహం దాకా వెళ్ళాల్సిన అవసరం లేకుండా పోయింది. ఇది ఆమె గమనించింది కూడా. గమనించి, ఏదైనా కథలో వాడుకోవచ్చు అనుకుంది.

మధ్యాహ్నం భోజనం అయ్యాక గవర్రాజు మళ్ళీ కుర్చీలోకి చేరాడు. హైమావతి చీకటి హాస్యం విభాగానికి ఒక కొత్త కథ రాస్తోంది.

"హైమా, గుండెల మీద గేదె పడుకుందే."

దీపం పచ్చగా వెలిగింది.

"పాలిస్తుందేమో చూడండి."

"ఒట్టిపోయిన గేదెలా ఉంది. పాలూ ఇవ్వదు, లేవనూ లేవదు."

మళ్ళీ పచ్చ. మాట బాగుందనిపించింది. రాస్తున్న కథలో ఒక ముసలాయన నోట్లో పెట్టింది.

"డాక్టరుగారొస్తే కాఫీ ఇచ్చి పంపు," అన్నాడు కాసేపటికి. "నేను ఇంట్లో ఉండకపోవచ్చు."

ఆమె తలెత్తి దీపం వంక చూసింది. పచ్చగానే ఉంది. ఆయన వంక చూడలేదు. నొప్పిగా ఉందన్న మాట ఆ మనిషి నోటినుంచి ఆమె ఎన్నడూ వినలేదు. ఉన్న మాటని ఉన్నట్టు చెప్పడం ఆయనకి బట్టల్లేకుండా వీధిలో నిలబడడం లాంటిది.

"హైమా," అన్నాడు.

ఆ తర్వాత ఏమీ అనలేదు. పేరు ఒక్కదాన్ని ఏ రకంలో వేయాలో తెలియక ఆలకిని మిగతా మాట కోసం ఎదురుచూసింది. దీపం వెలగలేదు.

"ఈ ఒక్క వాక్యం. వస్తున్నా," అంది హైమావతి.

వాక్యం పూర్తిచేసి లేచి వెళ్ళేసరికి ఆయన తల పక్కకి వాలి ఉంది. పెదవుల మీద చెప్పబోయిన మాట తాలూకు వంకర అలాగే ఉంది. భుజం పట్టుకు కుదిపింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. మెడ దగ్గర పెట్టింది. ఎంతసేపు అలా పెట్టిందో తెలియదు.

ఎవరికైనా చెప్పాలి. చెప్పడానికి ఇంట్లో ఉన్నది గోడ ఒక్కటే. గొంతులోకి ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళుగా ఆయన మాటలు రాసి రాసి, మాట్లాడ్డానికి ఆ ఒక్క వెటకారపు గొంతే ఆమెకు మిగిలింది.

"మా ఆయన పోయారు," అంది.

దీపం పచ్చగా వెలిగింది. ఆలకిని, ఆమె నేర్పినంతసేపూ ఆగింది.

"చెప్పులు ఇక్కడే ఉన్నాయే," అంది.

హైమావతి కుర్చీ కిందకి చూసింది. ఉన్నాయి.