ఎనభై డిగ్రీల దాత

ఎలియేసెర్ పాహరోని రెండుసార్లు చంపారు. మొదటిసారి పడవలో. రెండోసారి కాగితం మీద.

ఆ కాగితం ఇప్పుడు ఏజెంట్ సి-9 ముందు ఉంది. బజుర్తో మార్కెట్లో పళ్లరసాల బండి వెనక, రెండు జామపళ్ల బుట్టల మధ్య కర్నల్ నోయెమీ దాన్ని పరిచింది. కార్తహేనా రేవుపట్నంలో రహస్యం మాట్లాడుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆ గోలలో మనిషికి తన ఆలోచన తనకే వినపడదు.

"చదువు."

"మూడేళ్లుగా అదే చదువుతున్నాను మేడమ్. 'పడవ స్టీరియో ఆంప్లిఫైయర్‌ను తప్పుగా బిగించినందువల్ల వేడెక్కి అంటుకుంది. బాధ్యత: మృతుడిదే.'"

సి-9 అసలు పేరు ఉబాల్డో పాహరో. చనిపోయినవాడికి తమ్ముడు. అతను కాగితానికి అంటించిన ఫొటో మీద వేలు పెట్టాడు. కాలిన ఆంప్లిఫైయర్ కార్పెట్ మీద బోర్లా పడుకుని ఉంది. దాని వీపు మీది లోహపు రెక్కలు కార్పెట్‌లో మొహం దాచుకున్నాయి.

వాళ్ల నాన్న పికోలు కట్టేవాడు. పికో అంటే వీధి పండగల్లో మోగే ఇల్లంత పాటల పెట్టె. ఆయన కట్టిన పెట్టె మోగితే కొబ్బరికాయలు ఎవరూ కొయ్యకుండానే చెట్టు దిగి వచ్చేవట. పక్కవీధి ముసలమ్మ కట్టుడుపళ్లు గ్లాసులోనే తాళం వేసేవట. నేను చూడలేదు కానీ, కాయలు తిన్నవాళ్లు చెప్పారు.

"రెక్కలు నిలువుగా ఉండాలి, వేడి పైకి పోవాలి, చుట్టూ బెత్తెడు గాలి ఆడాలి. మాకు పాలు మాన్పించకముందే నాన్న నేర్పిన పాఠం ఇది. మా అన్న నిద్రలో కూడా ఇలా బిగించడు. ఇది బిగించినవాడే వాణ్ణి చంపాడు."

"ఊరేమంటోంది?"

"పికోలు కట్టినవాడి కొడుక్కి ఆంప్లిఫైయర్ బిగించడం రాదట, అంటోంది. మా వదిన చేపల బజారుకి వెళ్లడం మానేసింది."

కర్నల్ రెండో ఫొటో తీసింది. తెల్ల సూటు, తెల్ల టోపీ. "వాల్టర్ క్రూన్. ఏ దేశపు పాస్‌పోర్టు చేతికొస్తే ఆ దేశపువాడు. కంటెయినర్లలో తుపాకులు దింపే ముఠాకి నాయకుడు. కస్టమ్స్‌లో ఉన్న మీ అన్న తెరిచింది వీడి కంటెయినర్నే."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"భక్తుడయ్యాడు. బుధవారం కార్మెన్ మాత పండగ, పడవల మీద ఊరేగింపు. అమ్మవారి పడవకి స్టీరియో దానం చేస్తున్నాడు. ఆ పడవలో జడ్జి లెదెస్మా ఉంటాడు. మర్నాడు క్రూన్ మీద వారంటు సంతకం చెయ్యబోయేది ఆయనే. క్రూన్ మాత్రం పండగ సాయంత్రమే విమానం ఎక్కేస్తున్నాడు."

"ఆధారాలు?"

"సున్నా. వాడి నోటితో వాడే చెప్పాలి. ప్రాణాలతో కావాలి, ఉబాల్డో."

"ప్రాణం ఉంచి ఏం చేసినా ఫరవాలేదా?"

"నేనా మాట వినలేదు. పాటగత్తె యదీరా నీకు సాయం చేస్తుంది."

"ఆవిడ క్రూన్ మనిషి కదా!"

"క్రూన్ కూడా అలాగే అనుకుంటున్నాడు."

* * *

సోమవారం మాంగా రేవులో ఒక ఒంటికన్ను మెకానిక్ ప్రత్యక్షమయ్యాడు. నెరిసిన విగ్గు, బుగ్గల్లో దూది, ఎడమకంటికి నల్లగుడ్డ. మంగళవారం ఆ గుడ్డ కుడికంటికి మారింది. క్రూన్ గమనించలేదు. పనివాళ్ల మొహాలు చూసే అలవాటు అలాంటి దొరలకి ఉండదు.

"దొరా, పడవకి క్లాస్-డి రకం తీసుకోవాలి. తిన్న కరెంటు చాలావరకు పాటకే ఖర్చుపెడుతుంది. వేడి తక్కువ, బ్యాటరీ మిగులుతుంది. ఉప్పుగాలి తినెయ్యకుండా లోపలి బోర్డుకి పూత ఉన్నది చూసుకోవాలి. మీరు తెచ్చిన ఈ మూడూ పాత క్లాస్-ఏబీలు. సగం పాడతాయి, సగం పొయ్యిలా కాలతాయి."

"నాకు పాత శబ్దమే ఇష్టం."

"సరే, లాకర్‌కి కిందో కన్నం, పైనో కన్నం పెట్టి ఫ్యాను..."

"కన్నాలొద్దు. ఫ్యానొద్దు. లాకర్ మూసెయ్."

"మరి వేడెక్కితే తనంతట ఆగిపోయే స్విచ్చు ఉంటుంది..."

"తీసెయ్. పండగలో పాట ఆగకూడదు."

"ఎలా బిగించమంటారు?"

క్రూన్ విసుగ్గా స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. ఆంప్లిఫైయర్‌ని తిరగేసి, రెక్కల్ని కార్పెట్‌కి అదిమి, నాలుగు స్క్రూలూ తనే తిప్పాడు. "ఇలా."

ఉబాల్డో ఆ చేతుల్ని చూశాడు. మూడేళ్లుగా ఫొటోలో వెతుకుతున్న చేతులు. క్రూన్ మెడ మూరెడు దూరంలో ఉంది, పక్కనే సుత్తి ఉంది. బుగ్గల్లో దూది ఉండబట్టి సరిపోయింది. లేకపోతే పళ్ల నూరుడు రేవంతా వినపడేది.

"మా గొప్పగా బిగించారు దొరా," అన్నాడు.

మంగళవారం క్రూన్ నాలుగో పెట్టె తెచ్చి, మూడింటి పక్కనే పెట్టాడు. సీలు వేసిన ఆంప్లిఫైయర్. "ఇది ముట్టుకోకు" అని చెప్పి వెళ్లాడు. ఉబాల్డో అరగంటసేపు పాట వాయించి, లాకర్లో చెయ్యి పెట్టి ఒక్కోదాన్నే తడిమాడు. మూడు కాలిపోతున్నాయి. నాలుగోది బజారులో చేపలా చల్లగా ఉంది. పాడేది ఏదైనా వెచ్చబడాలి. వెచ్చబడనిది ఆంప్లిఫైయర్ కాదు.

యదీరా గట్టు మీద జడ సవరించుకుంటోంది. అతను కోడ్ మాట విసిరాడు. "కొబ్బరన్నం మాడింది."

"అడుగా, మొత్తమా?"

"మొత్తం."

ఆమె పెదవులు కదలకుండా చెప్పింది. "నిజమే మామా. అఖాతం మధ్యలో మాత విగ్రహం చుట్టూ పడవ తిరక్కముందే దిగిపొమ్మన్నాడు నన్ను. నాలుగో పెట్టె పేలడానికి లాకర్లో వేడి ఎనభై డిగ్రీలు చేరితే చాలన్నాడు. టైమరు లేదు, రేడియో లేదు. మళ్లీ ప్రమాదమే అంటారు."

"మళ్లీ బిగించినవాడిదే తప్పంటారు."

"పెట్టె పట్టించెయ్యరాదూ?"

"మెకానిక్ పెట్టాడంటాడు. విమానం ఎక్కేస్తాడు. మా అన్న అలాగే ఉండిపోతాడు." అతను చేతులు తుడుచుకున్నాడు. "ఈసారి బిగించినవాడు బతికున్నాడు పిల్లా. కర్నల్‌గారిని ఒక సంచీ పట్టుకుని రమ్మను."

ఆ మధ్యాహ్నం రేవంతా కునుకు తీసే వేళ ఉబాల్డో లాకర్ దగ్గర మూడు గంటలు పనిచేశాడు. ఏం చేశాడో ఇప్పుడే చెప్పను. చెబితే మీరు ముందే నవ్వేస్తారు.

* * *

బుధవారం కార్తహేనా అఖాతంలో నీళ్లకన్నా పడవలే ఎక్కువ. అమ్మవారి పడవలో నలభై మంది భక్తులు, జడ్జి లెదెస్మా, వంటామె బెత్సబే. ఆమె సరిగ్గా లాకర్ పక్కనే స్టవ్ మీద పెద్ద గిన్నెలో చేపల పులుసు ఎక్కించింది. క్రూన్ గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు.

యదీరా మైకు అందుకుంది. "అమ్మలారా! దాత గట్టు మీదే ఉండిపోతే ఎలా? దాత తాడు పట్టాలా, వద్దా?"

అది ఆ పండగ పద్ధతి. దానం చేసినవాడు పడవలోని అమ్మవారి పల్లకీ తాడు పట్టుకుని ఊరేగింపు చివరిదాకా ఉండాలి. పదిమంది ఆడవాళ్లు గట్టు మీదికి దూకారు.

"నాకు ఫ్లైట్ ఉంది!"

"అమ్మకన్నా ఫ్లైట్ ఎక్కువా నాయనా?"

"సిగ్గుపడుతున్నాడే! తాడు మణికట్టుకి చుట్టండి, జారకుండా!"

పడవలోకి లాగి మరీ చుట్టారు. చేపల వలలు ముడేసే చేతులవి. పడవ కదిలింది.

అఖాతం మధ్యలో మాత విగ్రహం దగ్గరపడింది. లాకర్ ముందు స్టూలు మీద మెకానిక్ చుట్ట పట్టుకుని కూర్చున్నాడు. అది చుట్ట కాదు. ఎటు గురిపెడితే అటు వేడి ఎంతో చెప్పే డిపార్ట్‌మెంటు థర్మామీటర్.

"అరవై ఎనిమిది," అన్నాడు తనలో తను.

క్రూన్ తల తిప్పాడు. "ఏమిటది?"

"వేడి, దొరా. డెబ్బై ఒకటి."

"లాకర్ తెరువు."

"మీరేగా మూసెయ్యమన్నారు."

"ఫ్యాను పెట్టు!"

"మీరేగా వద్దన్నారు. డెబ్బై నాలుగు."

"పాట ఆపు!"

"పండగలో పాట ఆగకూడదన్నారు." ఉబాల్డో విగ్గు తీశాడు. దూది ఉమ్మేశాడు. కంటిగుడ్డ విప్పాడు. "డెబ్బై ఆరు. నా మొహం ఎక్కడైనా చూసినట్టుందా దొరా? మా అన్నదీ ఇదే ముక్కు."

క్రూన్ మొహం టోపీకన్నా తెల్లబడింది. తాడు గుంజాడు. ముడి ఇంకా బిగిసింది. యదీరా పాట తగ్గించి, మైకు అతని గడ్డం కిందికి తెచ్చింది.

"ఎనభై దాటితే ఏమవుతుంది దొరా?"

"మనందరం చస్తాం! తెరవరా వెధవా!"

"ఎందుకు చస్తాం? డెబ్బై ఎనిమిది."

"నాలుగో పెట్టెలో బాంబుంది! జడ్జి కోసం పెట్టాను!"

"మూడేళ్ల కిందట ఎలియేసెర్ పడవలో?" అన్నాడు ఉబాల్డో, చుట్ట దించకుండా. "డెబ్బై తొమ్మిది. అక్కడ బోర్లా బిగించిందెవరు?"

"నేనే! నేనే బిగించాను! వాడికి తెలియకుండా, నా చేతుల్తో! ఇంక తెరువు!"

ఆ కేక స్పీకర్లలోంచి ఒక్క అక్షరం తెగకుండా అఖాతమంతా వెళ్లింది. రెండొందల పడవల్లో జనం చేతుల్లో పళ్లేలు ఆగిపోయాయి. చేపల బజారువాళ్ల పడవలో ఎవరో నెమ్మదిగా టోపీ తీశారు.

ఉబాల్డో లాకర్ తెరిచాడు. చల్లగాలి మొహాన కొట్టింది. లోపల మూడు ఆంప్లిఫైయర్లు నిటారుగా, రెక్కలు నిలువుగా, బెత్తెడు ఎడంతో నిలబడి ఉన్నాయి. డొక్కులు పాతవే, కడుపులో సరుకు క్లాస్-డి. కింద ఒక ఫ్యాను గాలి లాగుతోంది, పైనొకటి బయటికి తోస్తోంది. నాలుగో పెట్టె మూత ఎత్తితే నాలుగు బెల్లం అచ్చులు. అసలు సరుకు నిన్ననే కర్నల్ సంచీలో దిగిపోయింది.

జడ్జి చెమట తుడుచుకున్నాడు. "మరి ఆ డెబ్బై తొమ్మిది?"

"ఒరేయ్ ఉబాల్డో," అంది బెత్సబే గరిటె ఎత్తి, "ఇందాకట్నించీ నా పులుసు మీద ఆ చుట్ట గురిపెట్టి ఏం చేస్తున్నావురా?"

క్రూన్ అర్థంకాని భాషలో తిట్టాడు. ఉబాల్డో పిడికిలి లేచింది. పడవంతా చూస్తోంది, ఒక్కరూ ఆపలేదు. అతనే దించాడు.

"నిన్ను చంపితే ఒక్కసారే చస్తావు. మా అన్నని రెండుసార్లు చంపావు. బతుకు. ప్రతి పండక్కీ ఈ ఊరు నీ కేక చెప్పుకుని నవ్వుతుంది. అది వింటూ బతుకు."

కర్నల్ పడవ పక్కకి వచ్చింది. బేడీలు వేశారు గానీ తాడు మాత్రం ఎవరికీ ఊడిరాలేదు. పల్లకీ తాడుతోనే తీసుకెళ్లారు.

గురువారం పొద్దున ఉబాల్డో వదిన బుట్ట పట్టుకుని చేపల బజారుకి వెళ్లింది. బేరమాడింది. ఇద్దరితో పోట్లాడింది. ఎప్పటిలాగే గెలిచింది.

అదే పొద్దున కర్నల్ రిపోర్టు అడిగింది. పాత రిపోర్టు అంత పొడవే ఉండాలంది. ఉబాల్డో పెన్సిల్ నాలిక మీద తడి చేసుకుని రాశాడు:

'ఆంప్లిఫైయర్‌ను సరిగ్గా బిగించినందువల్ల నేరస్థుడు వేడెక్కాడు. బాధ్యత: మృతుడి తమ్ముడిదే.'